అండమాన్‌కి ఏ నెల మంచిది? మే 20 తర్వాత సగం రేటు అంటున్నారు, వెళ్ళొచ్చా?

కొత్తపేట_రాజు
మొత్తం అయిదుగురం. అమ్మానాన్న (ఇద్దరికీ 65 దాటాయి), మేమిద్దరం, ఆరేళ్ళ పాప. హైదరాబాద్ నుంచి అండమాన్, 6 రాత్రులు: పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్. పాప బడి వల్ల మాకు దొరికేవి దసరా, సంక్రాంతి, వేసవి సెలవులే. ట్రావెల్స్ అతను "అక్కడ ఏడాదంతా 30 డిగ్రీలే సార్, ఏ నెలైనా ఒకటే" అంటున్నాడు. మే 20 తర్వాత అయితే సగం రేటుకే ఇస్తాడట. ఏ నెలైనా ఒకటే అయితే రేటు సగానికి ఎందుకు పడుతుందో మాత్రం చెప్పడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

లంగరు
30 డిగ్రీలన్నది అబద్ధం కాదు. ఏడాదంతా రాత్రి 23, పగలు 31, అటూ ఇటూగా అంతే. కానీ అండమాన్‌లో నెల చూసుకునేది ఎండ కోసం కాదు, గాలి కోసం.

టీవీలో ఏటా "అండమాన్‌ను తాకిన నైరుతి రుతుపవనాలు" అని వార్త వస్తుంది కదా, అది సరిగ్గా మే 20 చుట్టుపక్కలే. 2024లో మే 19న తాకాయి, 2025లో ఇంకా ముందే, 13న. మనకి రోహిణి కార్తె ఎండలు మొదలయ్యేసరికి అక్కడ వానాకాలం. ఆ సగం రేటుకి కారణం అదే.

పాలమూరు_పోరడు
వానలు పడితే ఏమైతది అన్నా? మన దగ్గర వానల గోవా పోతలేరా? హోటల్ల కూసొని చూస్తే మస్తుంటది.

లంగరు
గోవాకి రోడ్డుంది తమ్ముడూ. హేవ్‌లాక్‌కి లేదు. పడవ ఆగిందంటే ఎక్కడున్నవాళ్ళు అక్కడే.

నీలిదీవి
పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటున్నాం మేము. లంగరు గారి మాటకి కొంచెం కలుపుతాను.

ఇక్కడ ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో 800 పడితే మంచి సంవత్సరం అంటారు, లెక్క మీరే వేసుకోండి. అందులో ఎక్కువ భాగం మే చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతిలో, మిగతాది అక్టోబరు నుంచి డిసెంబరు సగం దాకా ఈశాన్యంలో. అంటే మీకు అక్కడ ఒక్క రుతుపవనం అయితే మాకు రెండూ తగులుతాయి. నిజంగా పొడిగా ఉండేవి జనవరి, ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ఆ నాలుగు నెలలే. మార్చి, ఏప్రిల్‌కి ఊళ్ళో నీళ్ళ కటకట కూడా వస్తుంది, ధనీఖారీ డ్యామ్ అడుగంటితే కుళాయి రోజు విడిచి రోజు. పెద్ద హోటళ్ళు ట్యాంకర్లు తెప్పించుకుంటాయి. చిన్న లాడ్జీ తీసుకుంటే నీళ్ళ సంగతి ముందే అడగండి.

చినుకు_77
వానాకాలం అంటే రోజంతా కుండపోత అనుకోకండి. రెండు గంటలు దంచి, మధ్యలో ఎండ, మళ్ళీ సాయంత్రం దంచడం. అడవి పచ్చగా, జనం తక్కువ. జూన్, జులైల్లో వెళ్ళి హాయిగా తిరిగొచ్చినవాళ్ళు బోలెడుమంది. అంత భయపెట్టక్కర్లేదు.

లంగరు
చినుకు గారూ, ఇద్దరు కుర్రాళ్ళు బ్యాగు తగిలించుకుని వెళ్తే మీ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. ఇక్కడ అడిగింది పెద్దవాళ్ళతో, పాపతో. తిరుగు విమానం టికెట్ తేదీ మారదు. జులైలో ఈదురుగాలి మూడు రోజులు ఆగకపోతే పడవలు ఆపేస్తారు, అప్పుడు హేవ్‌లాక్‌లో అదనంగా రెండు రాత్రుల గది అద్దె, కొత్త విమానం టికెట్లు అయిదు. సగం రేటులో మిగిలింది అక్కడే పోతుంది.

చినుకు_77
అది ఒప్పుకుంటా. సామాను తక్కువ, సెలవు ఎక్కువ ఉన్నవాళ్ళకే నా సలహా.

వైజాగ్_కెరటం
దసరా సంగతి నేను చెప్తాను. ఆశ్వయుజంలో నైరుతి తగ్గి ఈశాన్యం ఇంకా కుదురుకోని సందు ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉండొచ్చు. కానీ బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలం కూడా అదే. మా ఊరివాళ్ళకి హుద్‌హుద్ గురించి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 8న అది అండమాన్ దీవులు దాటింది, 12న విశాఖ మీద పడింది. అంతకు ముందు ఏడాది ఫైలిన్‌ కూడా అంతే, అక్టోబరులో అండమాన్ మీదుగా వచ్చి గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, శ్రీకాకుళం కొబ్బరి తోటలు పోయాయి. అదే 2013 నవంబరులో లెహర్ పోర్ట్ బ్లెయిర్ దగ్గర దాటి మచిలీపట్నం వైపు వచ్చింది, తీరం చేరేసరికి నీరసించింది కాబట్టి సరిపోయింది. మన కోస్తాకి వచ్చే చాలా తుపాన్లకి అండమాన్ సముద్రమే పుట్టిల్లు. అక్కడ ఉన్నప్పుడు చాలాసార్లు ఇంకా అల్పపీడనమో వాయుగుండమో అయి ఉంటుంది, బలం పుంజుకునేది ఇటు వచ్చేటప్పుడు. అంచేత అక్కడ ఇళ్ళు ఎగిరిపోవడం అరుదు గానీ పడవలు ఆగిపోవడం మామూలే.

గోదారి_గట్టు
అయితే డిసెంబరు క్రిస్మస్ సెలవులు బెస్ట్ కదా? అందరూ అప్పుడే వెళ్తారు.

వైజాగ్_కెరటం
నెల ఆఖరు వారం పర్వాలేదు, మొదటి సగం నమ్మలేం. 2016 డిసెంబరు మొదటి వారంలో హేవ్‌లాక్, నీల్‌లలో 1400 మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నేవీ ఓడలు వెళ్ళి తీసుకొచ్చాయి. ఆ వాయుగుండమే తర్వాత వార్దా తుపాను అయి చెన్నైని కొట్టింది.

పాలమూరు_పోరడు
గట్లయితే మార్చిల పోతే రంది లేదన్నట్టు. అప్పుడు తుపాన్లు రావు గద.

నీలిదీవి
దాదాపు రావు. 2022 మార్చిలో ఒకటి వచ్చింది, అసాని అవుతుందన్నారు, చివరికి వాయుగుండం దగ్గరే ఆగి మయన్మార్ వైపు పోయింది. ఆ పేరు మేలో వచ్చిన వేరే తుపానుకి పెట్టారు. అయినా మార్చిలో కూడా రెండు మూడు రోజులు పడవలు నిలిపేశారు. అందుకే మేం ఏ నెలలో వచ్చేవాళ్ళకైనా ఒకటే చెప్తాం: ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. నీల్ నుంచి పొద్దున పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం పట్టుకుందాం అనే ప్లాన్ చూడ్డానికి బాగుంటుంది గానీ, పడవ ఒక్క పూట ఆలస్యమైతే అంతా పోతుంది.

బ్యాక్‌ప్యాక్_భాను
ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే అన్న మాటకి నా ఓటు కూడా వేసుకోండి.

మేఘమాల
గాలి దిక్కు గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. బీచ్ ఎంపికకి అదే తాళంచెవి.

నైరుతిలో (మే చివర నుంచి సెప్టెంబరు) కెరటాలు పడమటి నుంచి వస్తాయి. హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్ పడమటి ముఖం. అందుకే జూన్, జులైల్లో రాధానగర్‌లో ఎర్రజెండా ఉంటే ఒడ్డునే ఉండాలి, కాళ్ళు తడుపుకోవడానికి కూడా దిగొద్దు. కింద లాగుడు ఎక్కువ. అదే రోజు తూర్పు ముఖంగా ఉన్న కాలాపత్తర్ వైపు వెళ్తే నీళ్ళు చాలా నెమ్మదిగా ఉంటాయి, ఎందుకంటే దీవి మొత్తం గాలికి అడ్డుగా నిలబడుతుంది.

ఈశాన్యంలో (నవంబరు నుంచి జనవరి మొదటి వారాల దాకా) ఇది తలకిందులు. తూర్పు ఒడ్డు కలకలం, రాధానగర్ చెరువు.

ఇంకోటి. పోర్ట్ బ్లెయిర్‌కి హేవ్‌లాక్ సరిగ్గా ఈశాన్యాన ఉంది. అంటే డిసెంబరులో పడవ గాలికి ఎదురెక్కుతుంది. వెళ్ళేటప్పుడు ముక్కు లేచి లేచి పడుతుంది, తిరిగొచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి అంత తెలీదు. "చలికాలంలో సముద్రం ప్రశాంతం" అని గుడ్డిగా నమ్మొద్దు. అసలైన ప్రశాంతం ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా, రెండు గాలుల మధ్య సందులో.

లంగరు
మేఘమాల గారి పోస్టు పైన పిన్ చేయాలి. నేను చెప్పాల్సింది ఇంత స్పష్టంగా చెప్పలేకపోయాను.

కొత్తపేట_రాజు
అమ్మకి బస్సులోనే వాంతులు. పడవలో ఎలా?

మేఘమాల
హార్బరు లోపల మొదటి పావుగంట ఏమీ అనిపించదు, అందరూ ఫొటోలు తీసుకుంటారు. హార్బరు నోరు దాటగానే ఊపు మొదలవుతుంది. ప్రైవేటు కేటమరాన్లలో (వేగంగా వెళ్ళే జంట అడుగుల పడవలు) ఏసీ, మూసేసిన కిటికీలు. ఒకరు మొదలెడితే ఆ వాసనకే పక్కవాళ్ళకి తిప్పుతుంది.

సీటు: కింది అంతస్తు, మధ్య వరసలు. ముందు వరస కిటికీ పక్క బాగుంటుందని డబ్బు ఎక్కువ పెట్టి కొంటారు, ఊపు ఎక్కువ ఉండేది అక్కడే. పడవ తక్కెడ లాంటిది, కొసలు లేస్తాయి, మధ్య కదలదు.

తిండి: ఖాళీ కడుపు వద్దు, పూరీ దోసె వద్దు. రెండు ఇడ్లీ, లేదా బ్రెడ్డు, గంట ముందే. ఫోను చూడొద్దు, దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీత మీదే కళ్ళు పెట్టాలి.

మాత్ర: అవొమిన్ లాంటిది పడవ ఎక్కడానికి గంటన్నర ముందు వేసుకుంటేనే పని చేస్తుంది, తిప్పడం మొదలయ్యాక వేసినా లాభం లేదు. మత్తుగా ఉంటుంది. నాన్నగారికి ప్రోస్టేట్, కంట్లో ప్రెజర్ లాంటివి ఉంటే డాక్టర్‌ని అడగకుండా ఇవ్వకండి. పాపకి మోతాదు కూడా డాక్టరే చెప్పాలి.

గోదారి_గట్టు
గవర్నమెంట్ ఫెర్రీలో పై డెక్ మీద నిలబడొచ్చు, గాలి తగులుతుంది. నెమ్మదిగా వెళ్తుంది, రెండున్నర గంటలు పట్టొచ్చు, కానీ తిప్పేవాళ్ళకి అదే నయం. టికెట్లు తొందరగా అయిపోతాయి.

బ్యాక్‌ప్యాక్_భాను
టికెట్ల మీద పేర్లు చూసి కంగారు పడకండి. హేవ్‌లాక్ అంటే స్వరాజ్ ద్వీప్, నీల్ అంటే శహీద్ ద్వీప్, 2018 నుంచి. పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు. ఆటోవాళ్ళకి పాత పేర్లే నోటికొస్తాయి.

పాలమూరు_పోరడు
వైజాగ్ కెల్లి షిప్పు ఉంటదంట గద? గదాంట్ల పోతే విమానం పైసలు మిగుల్తయి.

వైజాగ్_కెరటం
ఉంటుంది, నెలకి ఒకటి అనుకోండి, తేదీ ముందు వారాల్లో గానీ ఖాయం కాదు. దాదాపు 1200 కిలోమీటర్లు, రెండున్నర రోజుల పైమాటే. ఫిబ్రవరి, మార్చిల్లో అయితే ఆ ప్రయాణమే ఒక పండగ. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య మాత్రం రెండున్నర రోజులూ బెర్తు మీద పడుకునే ఉంటారు. బడి సెలవులకి సరిపెట్టుకోవడం కష్టం.

నీలిదీవి
అందరూ మర్చిపోయేది ఇంకొకటి ఉంది. ఇక్కడ గడియారం ఢిల్లీది, సూర్యుడు బర్మావాడు. డిసెంబరులో సాయంత్రం 5కే పొద్దు గూకిపోతుంది. జూన్‌లో కూడా 5:45 దాటదు. తెల్లారడం 5, 5:30కే. హైదరాబాద్ అలవాటులో మధ్యాహ్నం నిద్రపోయి 4:30కి రాధానగర్ బయలుదేరితే చీకట్లో దిగుతారు. 3:30కల్లా అక్కడుండాలి. ఇక్కడ రోజు మొదలెట్టేది పొద్దున 5కి. పెద్దవాళ్ళు ఎలాగూ ముందే లేస్తారు కాబట్టి మీకు సమస్య ఉండదు.

బారాటాంగ్ వెళ్ళాలంటే జిర్కాటాంగ్ దగ్గర మొదటి కాన్వాయ్ (బళ్ళన్నిటినీ గుంపుగా వదిలేది) 6 గంటలకి. పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున 4 లోపే కదలాలి. 65 దాటినవాళ్ళతో, వానలో అయితే అసలు వద్దు. పడవ దిగాక సున్నపురాయి గుహల దాకా నడక ఉంది, తడిస్తే జారుడు మట్టి.

చినుకు_77
స్నార్కెలింగ్ చేసేవాళ్ళు వాన ఆగగానే నీళ్ళలోకి దూకకండి. పెద్ద వాన పడ్డాక కాలవలన్నీ ఎర్రమట్టి తెచ్చి కలుపుతాయి, రెండు మూడు రోజులు లోపల ఏమీ కనపడదు. డబ్బు తీసుకుని చూపించేవాళ్ళు ఆ సంగతి చెప్పరు. "ఈ రోజు ఎంత లోతు దాకా కనపడుతోంది?" అని, వెళ్ళొచ్చినవాళ్ళని అడగాలి.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరి వండూర్ నుంచి వెళ్ళే జాలీబాయ్ దీవి కూడా కాలాన్ని బట్టే. సుమారుగా నవంబరు మధ్య నుంచి మే మధ్య దాకా జాలీబాయ్, మిగతా కాలం రెడ్‌స్కిన్ దీవి తెరుస్తారు. ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. ముందే పర్మిట్ తీసుకోవాలి, సోమవారం సెలవు.

కొత్తపేట_రాజు
సరే, మేం మే 20 మర్చిపోయాం. మరి వేసవి సెలవుల మొదట్లో? మాకు ఏప్రిల్ 24 నుంచి ఖాళీ.

లంగరు
ఏప్రిల్ ఆఖరు వారం నుంచి మే 7, 8 దాకా. సముద్రం పరంగా చూస్తే మీ సందుల్లో అదే చక్కనిది. కెరటం తక్కువ, నీళ్ళు అద్దం. మే రెండో వారం వచ్చిందంటే మళ్ళీ బంగాళాఖాతం కదలడం మొదలు. 2023లో మోఖా తుపాను పుట్టింది మే రెండో వారంలోనే, అండమాన్ పక్కనే.

మేఘమాల
చక్కనిదే, కానీ ఎండ. ఉష్ణోగ్రత 32, 33 చూసి "హైదరాబాద్‌లో 42 కదా, ఇదెంత" అనుకోవద్దు. పోర్ట్ బ్లెయిర్ 11.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఏప్రిల్ 20 దాటాక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నీడ కాళ్ళ కిందే పడుతుంది. దానికి తోడు గాలిలో తేమ, చెమట ఆరదు. మన దగ్గర 42లో చెమట ఆరిపోతుంది కాబట్టి తట్టుకుంటాం.

నీళ్ళలో బోర్లా తేలుతూ చేపలు చూసేవాళ్ళకి వీపు కాలిపోయేది అప్పుడే, చల్లగా ఉంటుంది కాబట్టి తెలీదు. రాత్రి చొక్కా వేసుకోలేరు. పాపకి ఫుల్ హ్యాండ్స్ ఈత చొక్కా, మోకాళ్ళ వెనక కూడా క్రీము. పొద్దున 9:30 లోపు నీళ్ళ పని ముగించేసి, మళ్ళీ 3 తర్వాతే బయటికి.

నీలిదీవి
అమ్మానాన్నల కోసం అయితే నేను సంక్రాంతికే ఓటేస్తాను. వానలు ఆగిపోయి ఉంటాయి, రాత్రి పంకా కింద దుప్పటి కప్పుకోవచ్చు. ఈశాన్యపు గాలి కొంచెం మిగిలి ఉంటుంది, వెళ్ళే పడవ ఊగుతుంది, అంతే. రద్దీ, రేటు ఎక్కువ, కాబట్టి మూడు నెలల ముందే గదులు, పడవలు పట్టుకోండి.

గోదారి_గట్టు
పోర్ట్ బ్లెయిర్‌లో జంగ్లీఘాట్ చేపల రేవులో మన శ్రీకాకుళం, విశాఖ వాళ్ళే ఎక్కువ. తెలుగులో అడిగితే "రేపు గాలి ఎట్టా ఉంటాదో" మొబైల్ కంటే బాగా చెప్తారు.

వైజాగ్_కెరటం
వాళ్ళ మాటకి ఏ యాప్ సాటి రాదు, నిజం. అయినా ఇంటి దగ్గర నుంచి చూసుకోవాలంటే మామూలు వాతావరణం యాప్‌లో వాన గుర్తు చూడకండి, అక్కడ ఏడాదిలో సగం రోజులు వాన గుర్తే ఉంటుంది. చూడాల్సినవి రెండు.

ఒకటి, వాతావరణ శాఖ అండమాన్ సముద్రానికి ఇచ్చే మత్స్యకారుల హెచ్చరిక. "వేటకు వెళ్ళరాదు" అని ఉంటే పర్యాటకుల పడవలూ అనుమానమే. పోర్టులో మూడో నంబరు హెచ్చరిక గుర్తు ఎగరేశారంటే ఇక ఆశ వదులుకోండి.

రెండు, మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే కెరటాల ఎత్తు. మీటరు లోపు అయితే అమ్మగారు కూడా హాయిగా వెళ్తారు. మీటరున్నర దాటితే మాత్ర తప్పదు. రెండున్నర దాటితే పడవ ఉందో లేదో ముందు రోజు రాత్రే కనుక్కోండి. ఇవి నేను పెట్టుకున్న కొలతలు, నిబంధన కాదు.

బ్యాక్‌ప్యాక్_భాను
పడవవాళ్ళే రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తారు, మీరు భయపడి మానేస్తే ఇవ్వరు. హేవ్‌లాక్‌లో గాలివాన రోజు నెట్‌వర్కు పోతే ఫోన్‌పేలూ పోతాయి, రెండు రోజులకి సరిపడా నోట్లు ఉంచుకోండి. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది, రెయిన్‌కోటే. ఏసీ గదిలోంచి కెమెరా బయటికి తీయగానే లెన్సు మసకబారుతుంది, సంచీలోనే అరగంట ఉంచి తీయండి, తుడవొద్దు.

కొత్తపేట_రాజు
సంక్రాంతికే ఖాయం చేశాం. ముందు శనివారం కలుపుకుంటే 6 రాత్రులు సరిపోతున్నాయి. పోర్ట్ బ్లెయిర్ 1, హేవ్‌లాక్ 2, నీల్ 2, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ 1. బారాటాంగ్ తీసేశాం. అందరికీ చాలా థాంక్స్ అండి. నీల్‌లో రాతి వంతెన దగ్గరికి పాపని తీసుకెళ్ళొచ్చా?

మేఘమాల
తీసుకెళ్ళొచ్చు, పాటు ఉన్నప్పుడే, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు. పోటులో, అంటే నీరు పెరిగినప్పుడు, అక్కడికి దారే ఉండదు. పాటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అందుకే "పొద్దున 7కి వెళ్ళండి" అని ఎవరో పాత పోస్టులో రాసింది మీకు పనికిరాదు. పంచాంగం కూడా చూడండి. అమావాస్య, పౌర్ణమికి ఒకటి రెండు రోజుల తర్వాత నీరు బాగా దిగుతుంది, రాతి గుంటల్లో చిన్న చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు కనపడతాయి. అష్టమి చుట్టూ అంతగా దిగదు. ఆకుపచ్చ పాచి ఉన్న రాయి మీద కాలు పెట్టొద్దు, బూడిదరంగు గరుకు రాయి మీదే. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. గుంటల్లోవి చేత్తో తీయనివ్వకండి.

నీలిదీవి
నీల్‌లోనే ఉన్న భరత్‌పూర్ బీచ్‌కి మాత్రం దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ పాటులో నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు, పగడాల మీద నడవాల్సొస్తుంది, అడుగున గాజు ఉన్న పడవలు కూడా కదలవు. రెండు రోజులున్నారు కాబట్టి పాటు వేళకి వంతెన, పోటు వేళకి భరత్‌పూర్ పెట్టుకోండి. నీల్ నుంచి తిరుగు పడవ పొద్దుటిదే తీసుకోండి, అది తప్పినా అదే రోజు ఇంకోటి దొరికే వీలుంటుంది. మధ్యాహ్నంది తప్పితే తెల్లారే దాకా ఆగాలి.